శుక్రవారం దండం

శుక్రవారం పూజ కాగానే జ్యోత్స్న భర్త రఘు కాళ్లకు దండం పెడుతుంది. పెట్టమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. సిరిసిల్ల నేత చీర, జడలో మల్లెలు, పాదాలకు పసుపు, రఘు తిన్నాకే తాను తినడం, అన్నీ ఏరి కోరి తెచ్చుకున్నవే. మెట్‌పల్లిలో వ్యవసాయాధికారి ఆమె. పగలంతా ఎరువుల దుకాణదారులతో గొంతు చించుకుని వచ్చే మనిషికి, ఇంట్లో ఒకరి ముందు తల వంచడం హాయిగా ఉండేది. "మేడం, గింత సదివి గిదేంది?" అని ఆఫీసులో కౌసర్ దెప్పితే నవ్వి ఊరుకునేది. అమ్మ నాన్న ముందు వంగింది భయంతో, తాను వంగేది ఇష్టంతో. ఆ తేడా రఘుకు తెలుసనుకుంది. అక్కడే పప్పులో కాలేసింది.

ఆ శుక్రవారం మరిదికి కుదిరిన సంబంధం వాళ్లు, కోరుట్ల నుంచి జగిత్యాలలోని వీళ్ల ఇల్లు చూడడానికి వచ్చారు. పెళ్లికూతురు మనోజ్ఞ కూడా వచ్చింది. మామగారు దామోదర్ రావుకు ఊపొచ్చింది.

"మా పెద్దకోడలు ఆఫీసరైతేంది? శుక్రారం మొగని కాళ్లు మొక్కకుంట చాయ గూడ తాగదు. మా ఇంటి పద్ధతి గట్లుంటది. బిడ్డా జ్యోత్స్నా, ఇక్కడనే మొక్కు. పిల్ల చూసి నేర్సుకుంటది."

రఘు సోఫాలో కూర్చునే కుడికాలు ముందుకు చాపాడు. కళ్లు ఫోన్లోనే ఉన్నాయి. మనోజ్ఞ తల దించుకుంది. ఆ పిల్ల ముఖంలో జ్యోత్స్నకు అమ్మ కనిపించింది. ఒళ్లు మండిపోయింది. ఇన్నాళ్లూ తాను ప్రేమగా ఇచ్చింది వీళ్లు పన్నులా వసూలు చేసుకుంటున్నారన్నమాట!

"ఇంటి పద్ధతి ఏంది మామయ్యా? అత్తమ్మ మీకు మొక్కంగ నేనెన్నడు చూడలే."

అత్తగారు నర్మద కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"గిది నా ఇష్టం. నా మనసుకు అనిపిస్తె మొక్కుత. మీరు మొక్కుమన్నరు గద, గందుకే ఇయ్యాల మొక్కను." తర్వాత భర్త వైపు తిరిగింది. "మీరు కాలు తీస్కోండ్రి. నేను వంగేటప్పుడు మీరు లేచి నిలబడాలె."

రఘు కాలు వెనక్కి లాక్కున్నాడు. జ్యోత్స్న చాయ కప్పు తీసుకుని మనోజ్ఞ పక్కన కూర్చుంది. "నీకు మొక్కబుద్ధి కాకుంటె మొక్కకు చెల్లె" అని చెప్పి, అందరి ముందూ తాగింది. ఆ చాయ భలే రుచిగా ఉంది.

వాళ్లు వెళ్లాక రఘు ముఖం మాడ్చుకున్నాడు. "నలుగుట్ల నా ఇజ్జత్ తీసినవ్."

"నా ఇజ్జత్ గూడ గాడనే ఉండె. మీకు కనవడలే."

ఇక ఆ చీరలూ పూలూ మానేస్తుందనుకున్నారు ఇంట్లో. ఎందుకు మానాలి? అవేమన్నా వాళ్లు ఇచ్చినవా? మళ్లీ శుక్రవారం అదే నేత చీర కట్టి, పసుపు రాసుకుని, పూజ ముగించి బయటికి వచ్చింది. గుమ్మం ముందు రఘు నిలబడి ఉన్నాడు. చేతిలో ఫోన్ లేదు. ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అవస్థ పడుతున్నాడు.

జ్యోత్స్న జడలో మల్లెలు సర్దుకుంది. మొక్కాలా వద్దా ఇంకా తేల్చుకోలేదు. తేల్చుకునేదాకా అతణ్ణి అలాగే నిలబడనిచ్చింది.