జ్వరం దిగకముందే

పిచ్చుకకు మళ్లీ ఒళ్లు కాలిపోతోంది. నాలుగేళ్ల పిల్ల. ఎగిరే కాళ్లని బట్టి ఇంట్లో పెట్టిన ముద్దుపేరది. జ్వరం వచ్చిందంటే ఆ కాళ్లే వాచి నేలకు ఆనవు. ఎన్ని పరీక్షలు చేసినా ఏ క్రిమీ దొరకలేదు. క్రిమి కోడలి పెంపకంలోనే ఉందని అత్తగారు ఎప్పుడో తేల్చేసింది.

పరిశోధనశాల డాక్టరమ్మ ఒక్కతే తల్లికి అర్థమయ్యేలా చెప్పింది. ఒంట్లో పుట్టుకతోనే కాపలావాళ్లు ఉంటారట. ఈ పిల్ల ఒంట్లో వాళ్లు దొంగ రాకుండానే కేకలేసి, ఇంటికే నిప్పు పెట్టుకుంటున్నారట. ఇలాగే సాగితే మూత్రపిండాలకూ చేటేనట. మొదటి కేక ఎవరిదో తెలిస్తే తగిన మందు వెతకొచ్చు. అందుకు జ్వరం మండుతుండగానే, ఏ మందూ వెయ్యకముందే రక్తం తియ్యాలి.

అందుకే తెల్లారగానే తల్లి పిల్లను భుజాన వేసుకుని బస్సెక్కింది. దారి పొడుగునా పిల్ల "అమ్మా, కాళ్లు" అని మూలుగుతుంటే తల్లి ప్రాణం గిలగిల్లాడింది. ఎందుకైనా మంచిదని సంచిలో పడేసుకున్న సీసా మీదికే చెయ్యి పోయింది. జ్వరానికీ వాపుకీ వాడే తియ్యమందు. ఒక్క చెంచాకేమవుతుందిలే అనుకుంది.

డాక్టరమ్మ సూది విప్పుతూ, "మందేం వెయ్యలేదు కదమ్మా?" అని అడిగింది. తల్లి అడ్డంగా తలూపింది.

పిచ్చుక చెయ్యి వెనక్కి లాక్కుంది. "గుచ్చొద్దు. అమ్మ తియ్యమందు వేసిందిగా, తగ్గిపోయింది."

డాక్టరమ్మ పిల్ల నుదుటి చెమట తుడిచి, సూదిని పక్కన పెట్టేసింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ఇప్పుడు తీసుంటే ఏమీ లేదని వచ్చేదమ్మా. ఏమీ లేదని మేమూ వదిలేసేవాళ్లం," అంది. మళ్లీ జ్వరం వచ్చినప్పుడు తీసుకురమ్మంది.

ఇంటికి రాగానే అత్తగారు గుమ్మంలోనే, వెళ్లిన పని కాయా పండా అని ఆరా తీసింది. కోడలు సంచిలోంచి సీసా తీసి ఆవిడ చేతిలో పెట్టింది.

"మీ దగ్గరే ఉంచండి అత్తయ్యా. ఈసారి జ్వరమొస్తే, రక్తం తీసేదాకా నేను కాళ్లు పట్టుకున్నా ఇవ్వొద్దు."

అత్తగారు సీసా తీసుకుని లోపలికి పోయి, బీరువాలో పెట్టి తాళం వేసింది.

నాలుగు రోజులకు పిచ్చుక మంచాల మీద గెంతసాగింది. పిల్ల తేరుకుందే అని పక్కింటివాళ్లు సంతోషించారు. తల్లి దాన్ని పట్టుకుని నుదుటి మీద చెయ్యి వేసింది. చల్లగా ఉంది. ఇన్నాళ్లూ ఆ చల్లదనం కోసం ఎన్ని దండాలు పెట్టుకుందో. ఇప్పుడు ఆ చెయ్యి తియ్యకుండా, ఎప్పుడు వేడెక్కుతుందా అని చూస్తూ కూర్చుంది.