పిట్టనెవరు తేవాలి

మా ఆయన విల్ఫ్ ఆల్డర్సన్‌కు కుక్కల భాష వచ్చునని మా లోయంతా పేరు. మనుషుల భాష వచ్చునని మాత్రం ఎవరూ అనలేదు. కట్టుకున్నదాన్ని, నేనే అనలేను. పెళ్ళయిన నాటి నుంచీ మా పెరట్లో కుక్కల కొట్టు ఖాళీగా ఉన్న రోజు లేదు. అన్నీ తుపాకీ మోతకు బెదరని కుక్కలు, పడిన పిట్టను ఈక నలగకుండా నోట కరుచుకొచ్చే కుక్కలు. ఆయన తుపాకీ పట్టడు. కాల్చేవాళ్ళు కాలుస్తారు. కొండ మీద హెదర్ పొదల్లో పడిన గ్రౌస్ పిట్టల్ని కుక్కతో ఏరి తెచ్చేది ఈయన. దెబ్బతిన్న పిట్ట ఏదీ పొదల్లో పడి కొట్టుకుంటూ చావకూడదు. ఆ ఒక్క విషయంలో ఆయనతో పరాచికాలు కుదరవు, నాకైనా సరే.

ట్యాన్సీ ఆయన ఆఖరి కుక్క. ఆ మాట ఆయనే అన్నాడు. రెండేళ్ళు కూడా నిండని స్పానియల్ పిల్ల. చెవులు పొడుగు, బుద్ధి పొట్టి. డెబ్బై దాటినవాడు ఇంకో పిల్లను తెచ్చుకోవడం పాపమని ఆయన వాదన. "నా తరవాత అది ఎవరి గుమ్మం పట్టుకుని ఏడవాలి?" అంటాడు. అంటే ట్యాన్సీ పనిచేసినన్నాళ్ళే విల్ఫ్ కొండెక్కుతాడు. కొండెక్కని విల్ఫ్‌ను నేను ఊహించుకోలేను. కిటికీ పక్కన కుర్చీలో కూలబడి, నా వంటకు వంకలు పెడుతూ... వద్దు తల్లీ, ఆ రోజు చూడలేను.

అలాంటిది పోయిన డిసెంబరులో ట్యాన్సీ రాతి గోడ దూకబోయి వెనక కాలు రాళ్ళ మధ్య ఇరికించుకుంది. మోకాల్లో లిగమెంటు తెగింది. ఆయన దాన్ని భుజాన వేసుకుని కొండ దిగి వచ్చాడు. ఆ పూట టీ తాగలేదు. యార్క్‌షైర్ మనిషి టీ వద్దన్నాడంటే ఇక పాడె కట్టడమే తరువాయి.

పశువుల డాక్టరు ఐవ్సన్ అనే చిన్న పిల్ల. ఆపరేషన్ చేసి, ఎముకకు లోహపు పట్టీ వేసి, మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది.

"వేసవి దాకా పరుగు లేదు, గెంతులు లేవు, మెట్లు లేవు. తాడు వదలకూడదు. వెచ్చగా ఇంట్లో ఉంచండి."

"ఇంట్లోనా?" అన్నాడు మా ఆయన, చర్చిలో గుర్రాన్ని కట్టెయ్యమన్నట్టు. "పనిచేసే కుక్క గడప దాటి లోపలికి రాదమ్మా. వస్తే చెడిపోతుంది."

"రాకపోతే కుంటుతుంది."

అలా మా వంటింట్లోకి కుక్క వచ్చింది. వచ్చిన వారానికి పొయ్యి పక్క చోటు దానిదైంది, ఆ పై వారానికి నా దిండు దానిదైంది. నేల మీద చీపురు కర్రలు వరసగా పరిచి, వాటి మీదుగా ఒక్కో కాలూ ఎత్తి వేసేలా నడిపించేవాడు విల్ఫ్. సోఫా మెత్తలు పేర్చి వాటి మీద నిలబెట్టేవాడు, కాలికి పట్టు రావడానికట. తరవాత వెచ్చటి గుడ్డతో మోకాలికి కాపడం పెట్టి, మర్దనా. సూప్ గిన్నె పట్టుకుని ఆ కర్రలు దాటుకుంటూ నేనూ వ్యాయామం చేశాను.

"ఇలా నా మోకాలు ఏనాడైనా పట్టావా?" అని అడిగాను.

"నువ్వెప్పుడు గోడ దూకావు పిల్లా?" అన్నాడు.

చలి తగ్గాక ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. ఆయనకు ఆలోచన వస్తే నాకు గుండె దడ.

"ఆ డాక్టరు పిల్ల పరుగు వద్దంది. ఒకందుకు మంచిదే. కుక్కను పరుగెత్తించడం ఏ వెధవైనా చేస్తాడు. కూర్చోబెట్టడమే విద్య."

ఈ కుక్కలవాళ్ళందరికీ ఉన్న పిచ్చే ఇది. ముక్కు ముందు పిట్ట పడినా, చెప్పేదాకా కదలకూడదు. అదే వాళ్ళకు వేదం. కాబట్టి ఇంటి వెనక గడ్డినేలలో ట్యాన్సీని కూర్చోబెట్టి, పిట్టకు బదులు గుడ్డతో కుట్టిన డమ్మీని దూరంగా విసిరేవాడు. అది లేవకూడదు. పరుగెత్తడానికి దానికి అనుమతి లేదు కనక, తెచ్చేది ఎవరు? ఈయనే. విసరడం, కీళ్ళు కటకటలాడుతుంటే నడిచి వెళ్ళడం, వంగి తీయడం, తిరిగి రావడం. వసంతమంతా ఇదే పని, వానలో కూడా. ట్యాన్సీ జమీందారిణిలా కూర్చుని, ఈయన ఎటు పోతే అటు తల తిప్పేది. గిన్నెలు తుడుస్తూ కిటికీలోంచి చూసేదాన్ని.

"బాగా తెస్తున్నావు విల్ఫ్! కాస్త మెత్తగా పట్టుకో, పళ్ళగాట్లు పడకూడదు!"

"నవ్వు, నవ్వు. ఆగస్టులో వేట మొదలయ్యాక దీని నిలకడ చూసి లోయంతా నోరెళ్ళబెడుతుంది."

ఆ ముక్క మాత్రం అక్షరాలా నిజమైంది.

జూన్‌లో ఏటి మడుగులో నడుం లోతు దిగి దాన్ని ఈదించాడు. చలికి పెదవులు నీలంగా మారినా బయటికి రాడే! ఎండిపోయిన తొడకు మళ్ళీ కండ పట్టింది. జులైలో ఐవ్సన్ కాలు మడిచి చూసి, చాచి చూసి, నడిపించి చూసి, "తాడు తీసెయ్యండి. ఇక దీనిష్టం," అంది. మా ఆయన కంట్లో నలుసు పడింది. గదిలో గాలి లేదు, అయినా పడింది.

ఆ సాయంత్రమే గడ్డినేలలో డమ్మీ విసిరాడు. "పో ట్యాన్సీ, తే!"

ట్యాన్సీ డమ్మీ వైపు చూసింది. ఈయన వైపు చూసింది. కూర్చునే ఉంది.

"తే!"

తోక ఊపింది, పెద్దమనిషికి ధైర్యం చెబుతున్నట్టు.

నేను గేటు పట్టుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను.

"ఏమయింది నీకు?" అని అరిచాడు.

"నాకేం కాలేదు. అది నీకోసం చూస్తోంది. ఇవాళ ఆలస్యం చేస్తున్నావని."

మర్నాటి నుంచి చెయ్యని ప్రయత్నం లేదు. డమ్మీకి ఈకలు కట్టాడు. తానూ పక్కన పరుగెత్తాడు. ట్యాన్సీ హాయిగా వెంట పరుగెత్తేది, కాలు భేషుగ్గా ఉంది. డమ్మీ దగ్గరికి చేరగానే కూర్చుని, తియ్యమన్నట్టు చూసేది. నేర్పింది నేర్పినట్టు నేర్చుకుంది, దాని తప్పేముంది? తాను పట్టిన కుందేలికి మూడే కాళ్ళనే మనిషి, తాను నేర్పింది తప్పంటాడా? ఎండ అన్నాడు, గాలి అన్నాడు, ఇంకా నొప్పేమో అన్నాడు. ఒక ఉదయం మెళ్ళో ఎప్పుడూ వేలాడే కుక్కల ఈల తీసి సొరుగులో పెట్టేశాడు. అప్పుడు నాకు భయం వేసింది. భయం వేస్తే నాకు కోపం వస్తుంది.

"తీసి మెళ్ళో వేసుకో," అన్నాను. "హార్కర్‌కు మాటిచ్చావు."

డగ్లస్ హార్కర్ వేట జరిగే ఆ కొండకు కాపరి. ఎవరు ఎక్కడ నిలబడాలో నిర్ణయించేది అతనే. "వేట మొదటి రోజు రా విల్ఫ్. కుక్క పనిచేస్తే నీ చోటు నీదే. చెయ్యకపోతే... చూద్దాం," అన్నాడు. ఆ "చూద్దాం"కు అర్థం మాకు తెలుసు. రెండేసి లాబ్రడార్ కుక్కలున్న కుర్రవాళ్ళు ఆ చోటు కోసం కాచుకుని ఉన్నారు.

ఆగస్టులో ఆ రోజు కొండంతా ఊదారంగు పూత. తోలేవాళ్ళు జెండాలు ఊపుతూ పిట్టల్ని లేపుతున్నారు, తుపాకులవాళ్ళు రాతి మాటుల్లో ఉన్నారు, మేం బాగా వెనక. పిట్టల సంచీ మోసే పని నాది. మొదటి పిట్ట పడింది.

"పో, తే!"

ట్యాన్సీ నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది. కాసేపు చూసి విల్ఫే వెళ్ళి తెచ్చాడు. అది పిట్టను వాసన చూసి, బాగుందని తోకూపింది. రెండోదీ అంతే. తోలేవాళ్ళు దగ్గరికి వచ్చేశారు. వాళ్ళలో కత్‌బర్ట్ అని మా ఆయన ఈడువాడు, నోరు ఊరుకోదు.

"హార్కర్! ఈ ముసలి లాబ్రడార్‌ను ఎక్కడ పట్టావయ్యా? కాస్త నెమ్మది గానీ మంచి జాతే!"

"వయసెంతో?" అన్నారెవరో.

"పళ్ళు చూసి చెబుదామంటే, అవి వాడివి కావు!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చెయ్యను. హార్కర్ ఒక్కడే నవ్వలేదు. విల్ఫ్ చెవులు ఎర్రబడ్డాయి.

ఆ తరవాత తోలినప్పుడు ఒక పిట్టకు రెక్క మాత్రమే విరిగింది. ప్రాణంతో నేల మీద పడి, పరుగెత్తి పొదల్లో దూరింది. నవ్వులు ఆగిపోయాయి. విల్ఫ్ కుక్కను మరచి దాని వెంట పడ్డాడు. మోకాలెత్తు హెదర్, కింద గుంటలు, రాళ్ళు. ఇక్కడ విడదీసి చూశాడు, అక్కడ చూశాడు, చూసిన చోటే మళ్ళీ చూశాడు. మనిషి ముక్కు కళ్ళజోడు ఆనడానికే గానీ పిట్టను పట్టడానికి పనికిరాదు. చివరికి ఆగిపోయాడు. వీపు ఎగిరెగిరి పడుతోంది. టోపీ తీశాడు. ఉన్నచోటే పొదల్లో కూలబడ్డాడు. ఈల ఊదలేదు, తెమ్మనలేదు. ట్యాన్సీ వైపు తిరిగి ఊరికే చూశాడు.

"నా వల్ల కాదే తల్లీ," అన్నాడు.

గాలి మా వైపు వీస్తోంది కనక నాకు వినబడింది. ఈ మనిషి నోట ఆ మాట నేనెన్నడూ వినలేదు. నాకు ఏడుపొచ్చింది.

ట్యాన్సీ ఆయన్ను చూసింది. లేస్తాడేమోనని చాలాసేపు చూసింది. లేవలేదు. అప్పుడది లేచింది. ముక్కు నేలకానించి ఆయన పక్కనుంచే, ఆయన్ను పట్టించుకోకుండా వెళ్ళింది. అటు తిరిగి, ఇటు తిరిగి, వాలు దిగి కనబడకుండా పోయింది. పొదలు మాత్రం కదులుతున్నాయి. కాసేపటికి నోట్లో పిట్టతో నాలుగు కాళ్ళ మీదా చక్కగా నడుస్తూ వచ్చి, ఆయన చేతిలో పెట్టి ఎదురుగా కూర్చుంది. ఆయన పిట్ట బాధ ఒక్క క్షణంలో తీర్చాడు. తరవాత ట్యాన్సీ మెడలో ముఖం దాచుకుని, అంతమంది ముందు, సిగ్గు లేకుండా ఏడ్చాడు.

హార్కర్ వచ్చి నిలబడ్డాడు. "కుక్క బాగుంది విల్ఫ్. ఆజ్ఞ ఇచ్చే పద్ధతే కాస్త కొత్తగా ఉంది," అన్నాడు. వెళ్ళబోతూ, "రేపు కూడా ఇక్కడే నిలబడు," అన్నాడు.

ఆ తరవాత ఇంకో పిట్ట పడింది. విల్ఫ్ నిటారుగా నిలబడి, దర్జాగా, "పో, తే!" అన్నాడు. ట్యాన్సీ కూర్చుని ఆయన్నే చూసింది. ఆయన నన్ను చూశాడు. నేను ఆకాశం చూశాను. చివరికి కర్ర పట్టుకుని మెల్లగా నేల మీద కూర్చున్నాడు. ట్యాన్సీ వెంటనే పరుగెత్తింది.

ఈ వేట కాలమంతా ఇలాగే జరిగింది. మిగతావాళ్ళు కుక్కను ఈలతో పంపుతారు, మా ఆయన కూర్చుని పంపుతాడు. లోయంతా నోరెళ్ళబెట్టి చూస్తోంది. కూర్చోవడం వరకు బాగానే ఉంది, లేవడానికే ఆ మోకాళ్ళు ఒప్పుకోవు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నన్ను సాయం అడగని మనిషి, ఇప్పుడు పిట్ట పిట్టకూ చెయ్యి చాస్తాడు.

"లాగు పిల్లా," అంటాడు.

సంచీ కింద పెట్టి లాగుతాను. ఎంత బరువో ఆ మనిషి! తిట్టుకుంటూ లేపుతాను. ఇంకో పిట్ట పడితే బాగుండునని మనసులో అనుకుంటాను.