ఒంటి గిట్ట అడుగులు

దిల్‌సుఖ్‌నగర్ సడక్ మీద, సైకిల్ దుకాణం పక్కనున్న రేకుల షెడ్డుకు ఆ రోజుల్లో ఒక బోర్డు వేలాడుతుండేది: "ఎడారి షికారు. కొమ్ములు గ్యారంటీ." ఎడారి ఎక్కడుందని ఎవరన్నా అడిగితే షెడ్డు యజమాని తూర్పుకు చెయ్యి చూపేవాడు. ఇప్పుడు ఎల్.బి.నగర్ అంటున్న చోటు దాటి, హయత్‌నగర్ కూడా దాటి పోతే కంకర నేల, తుమ్మచెట్లు, ఎండిపోయిన వాగులో ఇంత ఇసుక. అంతే, అదే ఎడారి. షికారుకొచ్చిన పెద్దమనుషులకు అక్కడ ఇర్రిని, అంటే నల్లటి మగజింకను చూపించి, కొట్టించి, దాని మెలికల కొమ్ములు వాళ్ల గోడకెక్కేలా చేయడం వీరేశం పని.

వీరేశం చదువు రెండో తరగతిలో ఆగింది. పరాచికాలు మాత్రం ఎక్కడా ఆగలేదు. తన పెళ్లిలో తానే తప్పిపోయి, పిల్లనిచ్చిన మామతో ఊరంతా వెతికించి, చివరికి ఆయన వెనకాలే నడుస్తూ దొరికిన మనిషి. ఎంత పెద్ద అబద్ధమైనా మొహంలో గీత కదలకుండా చెప్పేవాడు. నిజం చెప్పాల్సి వస్తేనే నవ్వు ఆపుకోలేకపోయేవాడు.

అతని బొడ్లో ఎప్పుడూ ఒక చచ్చిన ఇర్రి గిట్ట ఉండేది. ఎండబెట్టి పొట్టి కర్రకు బిగించింది. మంద దొరకదనుకున్న రోజున, గెస్టు రాకముందే వాగు ఇసుకలో దానితో అడుగులు గుద్దేవాడు. ఒక్క గిట్టతో నాలుగు కాళ్ల జీవాన్ని నడిపించేవాడు, గంతులేయించేవాడు, ఒక్కోసారి కుంటించేవాడు. గెస్టులు ఆ అడుగుల వెంట పొద్దంతా తిరిగి, "గడుసు ఇర్రి, తప్పించుకుంది" అని సంబరంగా ఇంటికి పోయేవాళ్లు. ఆ గిట్టకు ఒక కొన విరిగి ఉండేది. అడుగు చూసి అది ఉత్తుత్తి ఇర్రి అని చెప్పగలిగిన మనిషి లోకంలో ఒక్కడే, తమ్ముడు సైదులు.

అది అరవై తొమ్మిది, మే నెల. పట్నంలో కాల్పులు, కర్ఫ్యూ. గోడ గోడకూ జై తెలంగాణ. సైదులు బడిలో అటెండరు. ఊరేగింపులో ముందు వరసన జెండా పట్టుకున్నాడు. మర్నాడు బస్సు కాలిన కేసులో అతని పేరు రాశారు. అతనికి చిన్నప్పటి నుంచి ఉబ్బసం. ఠాణాలో నాలుగు దెబ్బలు పడితే తట్టుకునే రొమ్ము కాదది. అందుకే వీరేశం తమ్ముణ్ణి పెద్ద అంబర్‌పేట్ వైపు, వాగు పైన, రాతి గుండ్ల సందులో దాచాడు.

సద్ది పంపడానికి ఒక ఉపాయం పన్నాడు. రోజుకో పొద దగ్గర రొట్టెల మూట దాచి, వాగు ఇసుకలో నీళ్లకు తవ్విన చెలిమె నుంచి ఆ పొద దాకా విరిగిన గిట్టతో అడుగులు గుద్దేవాడు. నీళ్లకు దిగిన సైదులు ఆ అడుగుల వెంట పోయి మూట తీసుకునేవాడు. మనిషి జాడ మనిషికి కనబడేది కాదు. 

మూడో రోజు మాత్రం వీరేశం ఊరుకోలేకపోయాడు. పొద వెనక నక్కి, "పోలీసులొచ్చిన్రు, ఉరుకు" అని అరిచాడు. సైదులు ముళ్లల్లో పడి ఉరికాడు. వెనక నవ్వు వినిపించి ఆగాడు.

"నీ పరాచికం పాడుగాను. పానం పోయిందనుకున్న అన్నా."

"పోనియ్య. పోతే నీ పెండ్లాం నన్ను బతకనిస్తదా?"

అన్నదమ్ములిద్దరూ కాలిలో ముళ్లు తీసుకుంటూ కడుపునిండా నవ్వుకున్నారు.

పదకొండో రోజున రామచంద్రం అనే కానిస్టేబుల్‌ను తెచ్చి వాగుకు దగ్గరి ఊళ్లో ఉన్న వీరేశం ఇంటి అరుగు మీద కూర్చోబెట్టారు. జేబులో సైదులు ఫోటో. రెండు రోజులు సద్ది పోలేదు.

"బావా, రెండు దినాలాయె. ఏం తింటున్నడో," అంది సైదులు భార్య యాదమ్మ, రొట్టెలు చేసిన చేత్తోనే కళ్లు తుడుచుకుంటూ.

"నేనున్న గద. రేపు చూస్త."

రేపు ఇంకో రకంగా వచ్చింది. కోస్తా నుంచి రైసుమిల్లు యజమాని పట్టాభి షికారుకు దిగాడు. గొడవల రోజులు కదా అని పోలీసు శాఖలో ఉన్న ఆయన బావ ఒక జీపు ఇచ్చాడు. తోడుగా, ఆ దిక్కు తెలిసినవాడని రామచంద్రాన్నే పొమ్మన్నాడు. మంద ఆ వారమంతా గుండ్ల దగ్గరే మేస్తోంది. అటు పోతే సైదులు దొరికినట్టే.

తెల్లారుతుండగా వీరేశం చెంబు పట్టుకుని వాగుకు బయల్దేరాడు. చెంబు పట్టుకున్నవాడి వెంట కానిస్టేబుల్ కూడా రాడు. కానీ చేతిలో రొట్టెల మూట కూడా ఉంటే అరుగు మీది కళ్లు ఊరుకోవు. మూట ఇంట్లోనే ఉండిపోయింది. బొడ్లో గిట్ట మాత్రం ఉంది. అడుగులు బాగా పడేది చెలిమె దగ్గరి తడి ఇసుకలోనే. అక్కడ మొదలుపెట్టి, గుండ్లకు వీపు చేసి, పడమటి తుమ్మల దాకా ఒక బలమైన ఇర్రిని నడిపించాడు. గెస్టు ఇటు పోతాడు, తమ్ముడు అటు బతుకుతాడు. పట్టాభి కళ్లకు ఆ అడుగులు ఎట్లా కనబడతాయో వంద రకాలుగా ఆలోచించాడు. రెండు రోజుల ఆకలి కళ్లకు ఎట్లా కనబడతాయో ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

జింక జీపును చూస్తే పారిపోతుంది. ఎద్దుబండిని చూస్తే తల కూడా ఎత్తదు. బండి రోజూ కనబడేదే, గొంగడి కప్పుకున్న రైతు రోజూ కనబడేవాడే. అందుకని షికారంతా బండి మీదే. పట్టాభిని గడ్డిలో పడుకోబెట్టి, వీరేశం కానిస్టేబుల్ వైపు తిరిగాడు.

"సాబ్, ఖాకీ చూస్తే ఇర్రి కోసెడు దూరం ఉరుకుతది. అంగి, టోపీ ఇడిచి గొంగడి కప్పుకోండ్రి."

"మే నెలల గొంగడేందిర? సంపుతవా?"

"జర ఆగున్రి, గిది మే నెలని ఇర్రికి చెప్పొస్త."

పట్టాభి గడ్డిలోంచి నవ్వాడు. "కప్పుకోవయ్యా, ఏం పోయింది. ఏమోయ్ వీరేశం, పాతికంగుళాలకి తక్కువైతే నాకొద్దు. మా బావగారి హాల్లో ఇరవై నాలుగున్నాయి."

"గీ అడుగు చూడుండ్రి సార్. ముప్పై ఉంటయి."

రామచంద్రం గొంగట్లో ఉడికిపోతూ బండి పక్కన నడిచాడు. ఆ చెమట చూసి వీరేశానికి పొద్దున్నుంచి మొదటిసారి గుండె తేలికైంది. మనసులో నవ్వుకున్నాడు కూడా.

తుమ్మల దగ్గర కొమ్మ కదిలింది. పట్టాభి తుపాకీ ఎత్తాడు, మళ్లీ దించాడు.

"మనిషోయ్."

పెరిగిన గడ్డం, చెమటకు అంటుకున్న అంగి. కళ్లు నేల మీద, విరిగిన గిట్ట అడుగుల మీద. మూట దొరకక, వచ్చిన దారినే ఒక్కొక్క అడుగు మళ్లీ చూసుకుంటూ సైదులు తుమ్మల్లోంచి బయటికొచ్చాడు. వాగు అవతలి గుండ్ల నుంచి, చెలిమె నుంచి, ఆకలి ఇక్కడిదాకా నడిపించుకొచ్చింది. తలెత్తితే అన్న, అన్న పక్కన గొంగట్లో ఎవరో రైతు, ఎద్దుబండి.

"ఉరుకు," అని అరిచాడు వీరేశం. "పోలీసోడు, ఉరుకు."

సైదులు నవ్వాడు. "పో అన్నా. ఒక్కపారి మోసపోయిన, సాలదా? సద్ది గింత దూరం పెడితివేంది?"

గొంగడి కింద పడింది. దాని కింద ఖాకీ లాగు. అప్పుడు ఉరికాడు సైదులు. పదడుగులు ఉరికాడేమో, ఛాతీ పట్టేసింది. ఇసుకలో కూలబడి, గాలి కోసం నోరు తెరిచాడు. పట్టుకోవడానికి రామచంద్రం పరుగెత్తాల్సిన పని కూడా పడలేదు.

"ఎవరోయ్ ఇతను?" అన్నాడు పట్టాభి బండి దిగుతూ.

"నా తమ్ముడు సార్."

పట్టాభి తుపాకీ బండిలో పెట్టేశాడు. తర్వాత, "రొప్పుతున్నాడయ్యా, ఒదిలెయ్యకూడదూ," అన్నాడు.

"నౌకరి పోతది సార్," అన్నాడు రామచంద్రం. తర్వాత వీరేశం భుజం తట్టాడు, మెచ్చుకోలుగానే. "గొంగడి ఎందుకు కప్పిచ్చినవో ఇప్పుడు సమజైంది. అడుగుల మీద నడిపిచ్చుకొచ్చి, ఉరుకని అరిచి పరాచికమనిపిచ్చి, చేతుల పెట్టినవ్. తమ్ముడని కూడ చూడలే."

సైదులు రొప్పుతూనే ఆ మాట విన్నాడు. అన్న దిక్కు చూశాడు. వీరేశం తమ్ముడి దిక్కు రెండడుగులు వేశాడు. అంతలో రామచంద్రం ఈల విని, దూరాన ఆపి ఉంచిన జీపు వచ్చేసింది.

ఆ మాట జీపు కంటే ముందు ఊరు చేరింది. బావి దగ్గర ఆడవాళ్లు వీరేశాన్ని చూసి బిందెలు ఎత్తుకుని పోయేవాళ్లు. అతను షెడ్డుకు పోవడం మానేశాడు. భార్య బాలలక్ష్మి కూడా అన్నం పెట్టి పక్కకు పోయేది. ఒక రోజు మాత్రం అడిగింది: "నాకన్న నిజం చెప్పు. అమ్ముకున్నవా?" లేదన్నాడు. ఆమె తలూపింది. ఆ ఊపులో నమ్మకం లేదు.

మూడు వారాలకు జైలులో ములాఖత్ దొరికింది. యాదమ్మ ముందు మాట్లాడి, కొంగు నోట్లో కుక్కుకుని పక్కకు తప్పుకుంది. కటకటాల అవతల సైదులు సగమయ్యాడు. మాట మాటకూ ఛాతీలో పిల్లికూతలు.

"గా అడుగులు నువ్వే గుద్దినవా అన్నా?"

"నేనే."

"నాకు తెలుస్తదని తెల్వదా?"

"తోచలే సైదులూ. నీ దిక్కు రాకుండ ఆళ్లను మలపనీకే గుద్దిన. నీ మీద ఒట్టు. అమ్మ మీద ఒట్టు."

ఆ రెండు ఒట్లూ వీరేశం ఇదివరకు ఎన్ని పరాచికాలకు వాడుకున్నాడో అన్నదమ్ములిద్దరికీ తెలుసు. సైదులు అన్న మొహంలోకి చాలాసేపు చూశాడు. ఆ మొహంలో ఒక్క గీత కూడా కదలడం లేదు.

"అబద్ధం చెప్పేటప్పుడే నీ మొహం గిట్లుంటది అన్నా," అన్నాడు.

వీరేశం నవ్వడానికి చూశాడు. పెదాలు కదిలాయి గానీ నవ్వు రాలేదు. అవతల సైదులు దగ్గుకుంటూ లేచి, గోడ పట్టుకుని లోపలికి నడిచాడు. తిరిగి చూడలేదు. 

బయటికొచ్చాక యాదమ్మ ఖాళీ టిఫిన్ గిన్నె కొంగులో మూటగట్టుకుంది.

"వచ్చే వారం నేనొక్కదాన్నే వస్త బావా," అంది. "నువ్వొస్తే ఆయన తినడంట."

వీరేశం సరేనన్నాడు. ఆమె బస్సెక్కేదాకా రోడ్డుకు ఇవతలే నిలబడి, ఆ తర్వాత దిల్‌సుఖ్‌నగర్ మీదుగా ఊరి దిక్కు నడక మొదలుపెట్టాడు.