వస్తాదు కవచం విడిచిన వారం

హాల్లో తొట్టెలోంచి చేప మాయమైన ప్రతిసారీ ఆ ఇంట్లో తప్పు ఆమెదే అయ్యేది.

మొదట నీలం రంగుది పోయింది. ఆ తర్వాత నారింజ చారల జత. పొద్దున లేచి చూస్తే ఇసుక మీద ఓ రెక్క ముక్క తప్ప ఏమీ మిగిలేది కాదు. ఆమె భర్త డ్రైవింగ్ స్కూల్లో మాస్టారు. బండి ఎవరు నడిపినా పక్క సీట్లో కూర్చున్న తన కాలి కింద ఇంకో బ్రేకు ఉంటుంది. ఇంట్లోనూ అలాగే ఉండాలనుకునే మనిషి.

"సబ్బు చేతులు పెట్టావా నీళ్లలో?" అనేవాడు.

"లేదండీ."

"అయితే నీ ల్యాబ్‌లోంచి ఆ ప్లాస్టర్ దుమ్ము మోసుకొస్తావుగా, అదే పడుంటుంది."

ఆమె కట్టుడు పళ్లు తయారుచేసే ల్యాబ్‌లో పనిచేస్తుంది. రోజంతా బియ్యపు గింజలంత దంతాల్ని పట్టకారుతో మైనంలో ఒక్కొక్కటిగా గుచ్చి నిలబెట్టడం ఆమె పని. ఇంటికి రాగానే మోచేతుల దాకా కడుక్కోనిదే మంచినీళ్ల గ్లాసు కూడా ముట్టుకోదు. ఆ సంగతి అతనికీ తెలుసు. అయినా ఇంటికొచ్చిన ప్రతివాళ్లతో, "మా ఆవిడ చెయ్యి చేపలకు అచ్చిరాలేదండీ" అని నవ్వుతూ చెప్పేవాడు. "కొందరి చెయ్యి అంతేలే నాయనా" అని అత్తగారు తాళం వేసేది. మూడు వారాలు ఆమె పళ్ల బిగువున ఊరుకుంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం బట్టలు మడతపెడుతుంటే తొట్టెలోంచి 'టక్' మని చప్పుడైంది. కాసేపాగి మళ్లీ. ఫ్యాన్ ఆపి, నేల మీద కూర్చుని చూసింది. మధ్యలో ఉన్న పెద్ద రాతి బొరియలోంచి సన్నటి కాడల మీద రెండు కళ్లు బయటికొచ్చాయి. ఒకటి ఆమెను చూస్తుంటే రెండోది పక్కనున్న నత్తను చూస్తోంది. తర్వాత ఒళ్లు బయటపడింది. ఆకుపచ్చ, ఎరుపు, అంచుల్లో నీలం. గడ్డం కింద ముడుచుకున్న రెండు చేతులు గుండ్రటి గుదియల్లా ఉన్నాయి. కొట్టడం ఆమెకు కనిపించనే లేదు. 'టక్' మన్నాక చూస్తే నత్త గుల్ల రెండు ముక్కలైంది.

ఎవరికైనా ఆశ్చర్యం కలగాలి. ఆమెకు మాత్రం ఒళ్లు మండింది. మూడు వారాలుగా తను మోసిన నింద ఈ బొరియలో హాయిగా కూర్చుని తింటోంది!

ఫోన్లో వీడియో తీసుకుని చేపల షాపుకు వెళ్లింది. షాపతను చూసి కళ్లద్దాలు నుదుటి మీదికి తోశాడు.

"అమ్మా, ఇది మాంటిస్ రొయ్య. పేరుకే రొయ్య, చేసేవన్నీ రౌడీ పనులు. మీకిచ్చిన రాతిలో దూరి వచ్చేసుంటుంది. తప్పు మాదే. చేపలున్నచోట దీన్ని ఉంచకూడదు. మిగిలిన చేపల్ని తెచ్చిచ్చేయండి. దీన్ని కూడా ఇచ్చేస్తానన్నా తీసుకుంటా, కావాలనేవాళ్లు చాలామందున్నారు."

ఇంటికొచ్చి వీడియో భర్తకు చూపించింది. అతను రెండుసార్లు చూశాడు. మూడోసారి తల్లిని పిలిచి చూపించాడు.

"చూశావామ్మా, మన తొట్టెలో ఎలాంటిది పడిందో! ఒక్క గుద్దుతో గుల్ల పగలగొట్టేసింది. ఇవ్వడమేంటి, ఇక్కడే ఉంటుంది. దీని పేరు వస్తాదు!"

"మరి నా చెయ్యి సంగతి?" అంది ఆమె.

"ఏ చెయ్యి?" అన్నాడు అతను, తెర మీంచి చూపు తిప్పకుండానే.

నిజంగానే గుర్తులేదు. అనేవాడికి అర నిమిషం. పడ్డవాళ్లకు మూడు వారాలు.

మిగిలిన చేపలు షాపుకు వెళ్లిపోయాయి. వస్తాదు అతనిది, వస్తాదు పని ఆమెది. ఎవరూ కూర్చుని పంచలేదు. ఎప్పట్లాగే అలా పంపకం జరిగిపోయింది. వడగట్టిన నీళ్లలో ఉప్పు కలిపి, మీటరు ముంచి చూసి, వారానికోసారి తొట్టెలో కొంత నీరు మార్చేది ఆమె. రెండు రోజులకోసారి మేత వేసేదీ ఆమే. ఒకరోజు బతికున్న చిన్న పీత, ఒకరోజు గుల్లతో సహా నత్త, ఇంకోరోజు ఆల్చిప్ప. మెత్తటి తిండే పెడితే దానికి పని ఉండదని, పగలగొట్టుకునేవి ఇవ్వాలని షాపతను చెప్పాడు. జానెడు పొడవు పట్టకారు పట్టుకుని బొరియ ముందు ఆడించేది. ముందు ఓ కన్ను వచ్చేది, తర్వాత రెండోది. మీసాలతో ఒకసారి తడిమి, అప్పుడు లాక్కునేది. పీతనైతే ముందు ఒక డెక్క, తర్వాత రెండోది విరగ్గొట్టి, నింపాదిగా లోపలికి ఈడ్చుకుపోయేది. తిన్నాక గుల్ల ముక్కల్ని తెచ్చి గుమ్మం బయట పారబోసేది. ఆ ఇంట్లో తిన్న కంచం తనే తీసేది అదొక్కటే అని ఆమెకు దానిమీద గౌరవం కలిగింది.

అతనికి మాత్రం అది ఆట. ఎవరైనా వస్తున్నారంటే, "రేపటిదాకా వస్తాదుకేం పెట్టకు, ఆకలి మీదుంటే గట్టిగా కొడుతుంది" అనేవాడు. ఆమె వినిపించుకునేది కాదు. అతను డ్యూటీకి వెళ్లగానే పెట్టేసేది. సాయంత్రం వచ్చినవాళ్ల ముందు అది కడుపు నిండి కదలకపోతే అతను మొహం మాడ్చుకునేవాడు.

నాలుగో నెలలో వస్తాదు బయటికి రావడం మానేసింది. బొరియ నోటికి లోపలినుంచి గులకరాళ్లు పేర్చి మూసేసుకుంది. రెండు రోజులు మేత ముట్టలేదు. ఆమె షాపతనికి ఫోన్ చేసింది.

"పాత కవచం విడుస్తోందమ్మా. వారం, పది రోజులు దాని జోలికి పోకండి. మేత కూడా వద్దు. కొత్త పెంకు గట్టిపడేదాకా ఒళ్లంతా వెన్నముద్దలా ఉంటుంది. అప్పుడది కొట్టలేదు, పారిపోనూలేదు. అందుకే తలుపేసుకుంది."

ఆమె భర్తకు చెప్పింది. అత్తగారికి చెప్పింది. అప్పటికీ నమ్మకం లేక, 'ముట్టుకోవద్దు' అని పెద్దక్షరాలతో కాగితం రాసి అద్దానికి అంటించింది.

ఐదో రోజు సాయంత్రం ల్యాబ్ నుంచి వచ్చేసరికి గుమ్మం ముందు కొత్త చెప్పులు రెండు జతలున్నాయి. డ్రైవింగ్ స్కూలు ఓనరు, ఆయన భార్య వచ్చారు. ఓనరు ఫోన్ పైకెత్తి పట్టుకుని తొట్టె ముందు నిలబడ్డాడు. ఆమె భర్త స్టూలెక్కి, చొక్కా చెయ్యి పైకి మడిచి, కిటికీ తెర కడ్డీ ఊడదీసి నీళ్లలో పెట్టాడు. గులకరాళ్లు చెల్లాచెదురుగా పడున్నాయి. కాగితం నేల మీద ఉంది.

"ఆపండి" అంది ఆమె, భుజాన సంచీ అలాగే ఉండగా.

"ఒక్క నిమిషం. వచ్చేస్తోంది, వచ్చేస్తోంది."

"వద్దులెండి మాస్టారూ, పాపం" అంది ఓనరు భార్య.

కడ్డీ ఇంకొంచెం లోపలికి వెళ్లింది. రాతికి అవతలివైపు నుంచి వస్తాదు బయటపడింది. రంగంతా వెలిసి, తడి గుడ్డలా ఉంది. గుదియల్లో ఒకటి సగానికి విరిగి వేలాడుతోంది. మూలకు నక్కి, మిగిలిన చెయ్యి ఎత్తింది. ఎత్తి, అలాగే ఉంచింది.

"కొట్టదేంటి?" అన్నాడు ఓనరు.

"లే వస్తాదూ, నా పరువు తియ్యకు" అని నవ్వుతూ అతను కడ్డీ కొసతో దాన్ని మళ్లీ పొడిచాడు.

ఆమె సంచీ ఎక్కడ పారేసిందో ఆమెకే తెలియదు. రెండు చేతులా కడ్డీ పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. నీళ్లు సోఫా మీద, ఓనరు ప్యాంటు మీద చిందాయి. అతను స్టూలు మీంచి తూలి గోడ పట్టుకున్నాడు.

"నువ్వు మనిషివేనా?"

పెళ్లయిన పదకొండేళ్లలో భర్తను ఆమె 'నువ్వు' అనడం అదే మొదలు.

"ఏంటి... ఏమన్నావ్?"

"విన్నావుగా! చెప్పానా, లేదా? కాగితం రాసి అంటించానా, లేదా? అది గట్టిగా ఉన్నన్నాళ్లూ నీళ్లలో వేలు పెట్టావా నువ్వు? పీతనెయ్యమంటే, అమ్మో, వేలు చితికిపోతుందన్నావు. ఇప్పుడు మెత్తబడింది, కొట్టలేదు అని తెలిశాక కడ్డీ పట్టుకొచ్చావు. కొట్టలేనిదాన్ని పొడవడానికి మాస్టారు కావాలా?"

"పెద్దవాళ్ల ముందు..." అని అతను మొదలుపెట్టాడు.

"పెద్దవాళ్ల ముందే చెప్తాను. వీళ్ల ముందే కదా నా చెయ్యి అచ్చిరాలేదన్నావు!" ఆమె ఓనరు వైపు తిరిగింది. "అయ్యా, చేపల్ని తిన్నది ఇది. నేను కాదు. ఈ సంగతి మీ మాస్టారికి నాలుగు నెలలుగా తెలుసు. మీతో ఒక్కసారైనా అన్నాడా?"

ఓనరు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఆయన భార్య వంగి, కింద పడ్డ కాగితం తీసి, చేత్తో సాపు చేసి ఆమెకిచ్చింది. "వెళ్దాం పదండి" అని భర్తతో మాత్రం అంది. మాస్టారు వీధి గుమ్మం దాకా వాళ్ల వెంట వెళ్లాడు గానీ వాళ్లు వెనక్కి తిరగలేదు.

తిరిగొచ్చి, వంటింట్లోంచి వచ్చి నిలబడ్డ తల్లి దగ్గర కూలబడ్డాడు. "చూశావామ్మా? నన్ను 'నువ్వు' అంది. ఓనరు ముందు!"

అత్తగారు తొట్టె వైపు చూస్తోంది. వస్తాదు ఇంకా ఆ చెయ్యి ఎత్తే ఉంచింది.

"'నువ్వు' అనే కదరా అంది. ఇంకా నయం. నేనైతే ఆ కడ్డీ నీ వీపు మీద విరిచేదాన్ని" అంది ఆవిడ. తర్వాత కోడలివైపు చూడలేక, "అమ్మాయ్, మీ షాపతనికి ఫోన్ చెయ్యి. విరిగిన చెయ్యి ఏం చెయ్యాలో అడుగు" అంది.

చేసేదేమీ లేదన్నాడు షాపతను. అదే రాలిపోతుందట. బతికితే, మళ్లీ కవచం విడిచినప్పుడు చిన్న చెయ్యి మొలుస్తుందట. మునుపటంత కావాలంటే ఇంకో రెండుసార్లు విడవాలట.

మర్నాడు ఆమె సెలవు పెట్టి షాపతన్ని రప్పించింది. వెనక గదిలో కుట్టుమిషన్ తీసేసి, అక్కడ చిన్న తొట్టె పెట్టించి, రాతితో సహా వస్తాదును అందులోకి మార్పించింది. గదికి తాళం వేసింది. హాల్లో ఖాళీ తొట్టె అలాగే ఉండిపోయింది. మూడో రోజున అత్తగారు వచ్చి చెయ్యి చాపింది.

"తాళం చెవి ఇంకోటి ఉంటే ఇవ్వు. నువ్వు ల్యాబ్‌లో ఉన్నప్పుడు దానికేదైనా అయితే ఎవరు చూస్తారు?"

ఆమె వెంటనే ఇవ్వలేదు. "కొందరి చెయ్యి అంతేలే అన్నారు, అత్తయ్యా."

"అన్నాను. తెలీక కాదు, వాడికి కోపమొస్తుందని అన్నాను. తప్పే." ఆవిడ చాపిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఆమె తాళం చెవి ఇచ్చింది.

పెంకు గట్టిపడ్డాక కూడా ఒంటి చేత్తో వస్తాదుకు గుల్లలు పగిలేవి కావు. అత్తాకోడళ్లు ఆల్చిప్పలు విప్పి, లోపలి కండ గోరంత ముక్కలు కోసి, పట్టకారుతో అందించేవాళ్లు. మొదటి వారం తీసుకుని వదిలేసేది. తర్వాత తినడం మొదలుపెట్టింది. గుల్లలు విప్పి విప్పి ఆమె బొటనవేలు చీరుకుపోయింది. ప్రతి గుల్లకూ కోపం కొత్తగా వచ్చేది. చల్లారుతుందేమోనని ఆమె ఎదురుచూడలేదు కూడా.

ఒకసారి ఆమె ల్యాబ్‌కి బయల్దేరుతుంటే అతను చెప్పులు వేసుకుంటున్నట్టు వంగి, "ఓనరు గారికి చెప్పాను. చేపల సంగతి... నీ వల్ల కాదని" అన్నాడు.

"ఎప్పుడు?"

"నిన్న."

"నా చెయ్యి అచ్చిరాలేదని విన్నవాళ్లు ఇంకా చాలామందున్నారు" అని ఆమె మెట్లు దిగింది.

మూడు నెలల తర్వాత వస్తాదు మళ్లీ తలుపు మూసుకుంది. పన్నెండు రోజులు ఎవరూ ఆ గదిలో లైటు కూడా వెయ్యలేదు. పదమూడో రోజు మధ్యాహ్నం గులకరాళ్లు పక్కకు జరిగాయి. ముందు ఓ కన్ను, తర్వాత రెండోది, ఆ వెనక రంగులు. విరిగినచోట పెసరగింజంత లేత గుదియ ఉంది. ఆమె ఓ చిన్న నత్తను బొరియ ముందు పెట్టింది. వస్తాదు తడిమి, పెద్ద చేత్తో రెండుసార్లు కొట్టింది. కొత్త చేత్తో ఒకసారి ఊరికే తాకి చూసింది.

"కొట్టింది! అమ్మాయ్, చప్పుడు విన్నావా?" అంది అత్తగారు.

గుమ్మం అవతల అతను నిలబడున్నాడు. చేతిలో తడి సంచీ, అందులో ఏవో కదులుతున్నాయి. పీతలు తెచ్చినట్టున్నాడు.

"చెయ్యి వచ్చిందా?"

"వచ్చింది" అంది ఆమె.

"ఒక్కసారి చూడొచ్చా?"

ఆమె లేచి వెళ్లి సంచీ అందుకుంది. "ఇవాళ వద్దు" అని తలుపు మూసింది.