తాకినప్పుడు చెప్పండి

స్కూలు బస్సు డ్రైవరుకు తన పాదాల మీద ఎంత నమ్మకమంటే, వాటి వంక చూసుకుని ఏళ్ళయింది. బస్సు వెళ్ళి గేటు పక్కనున్న పూలకుండీలను తొక్కేసినప్పుడు కూడా తప్పు కుండీలదేనన్నాడు. పిల్లలు మాత్రం ఆయనకు ‘సడన్‌బ్రేక్ తాత’ అని పేరు పెట్టారు. షుగరున్న మనిషి కాలికి బ్రేకు తెలుస్తోందో లేదో పాదాల డాక్టరు చేత రాయించుకొస్తేనే మళ్ళీ స్టీరింగు ముట్టుకోనిస్తానని ప్రిన్సిపాలు తేల్చేశాడు.

“పంటికో డాక్టరు, కంటికో డాక్టరు. ఇప్పుడు అరికాలికి కూడానా,” అని ఆయన ఆసుపత్రికి దారి పొడుగునా సణిగాడు.

వెంట కోడలు వచ్చింది. మొన్నటి నుంచి ఆమె మామగారితో మాట్లాడటం లేదు. చెప్పుల స్టాండు పైన మేకుకు వేలాడే బీరువా తాళంచెవి కనబడకుండా పోయింది. ఆమె తమ్ముడు చుట్టపుచూపుగా వచ్చి వెళ్ళిన రోజే పోయిందని ఆయన ఇల్లంతా వినేలా అన్నాడు. అన్న మాట వెనక్కి తీసుకునే అలవాటు ఆయనకు లేదు.

డాక్టరమ్మ ఆయన ముందు చిన్న స్టూలు మీద కూర్చుంది. “ముందు ఎడమ కాలు చూద్దాం. కళ్ళు మూసుకోండి. సన్నటి నైలాను దారం ఆనిస్తాను. తాకినప్పుడు చెప్పండి.”

తోటి డ్రైవరు ఒక కిటుకు చెప్పి పంపాడు. ఆగి ఆగి ఊ అంటుంటే చాలు, గట్టెక్కిపోవచ్చు. ఈయన కథ వింటున్నవాడిలా తీరిగ్గా ఊ కొట్టాడు.

“బాగా తెలుస్తోందాండీ?”

“తెలియకేం తల్లీ. కాస్త మెల్లగా పొడువు.”

“నేనింకా దారం డబ్బాలోంచి తియ్యలేదండీ.”

ఆయన కళ్ళు తెరిచాడు. డాక్టరమ్మ నవ్వలేదు. కుడి కాలి బూటు విప్పింది. మేజోడు అడుగున నెత్తురు మరక ఎండిపోయి ఉంది. అరికాలిలో రంపప్పళ్ళ అచ్చు దిగి, చర్మం చిట్లింది. బూటును తిరగేసి దులిపితే బీరువా తాళంచెవి టైల్సు మీద ఖంగుమని పడింది.

మొన్నటి నుంచీ దాని మీదే నిలబడి ఆయన అందరినీ కడిగేశాడు.

“ఎవరో కావాలని వేశారు,” అన్నాడు.

“మా తమ్ముడే వేసుంటాడు,” అంది కోడలు. రెండు రోజుల తర్వాత ఆమె నోట వచ్చిన మొదటి మాట అది.

డాక్టరమ్మ పుండు కడిగి కట్టు కట్టింది. మందంగా పెరిగి పక్క వేళ్ళను గీరుతున్న గోళ్ళను తిన్నగా కత్తిరించింది. “బూటు తొడిగే ముందు లోపల చెయ్యి పెట్టి తడమండి. రాత్రిళ్ళు అద్దం పెట్టుకుని అరికాళ్ళు చూసుకోండి.”

“నా మొహమే నేను చూసుకోను. అరికాళ్ళు చూసుకోవాలా?”

“మొహానికి దెబ్బ తగిలితే మీకు తెలుస్తుంది కదండీ.”

ఆయన మాట మార్చి కాగితం సంగతి అడిగాడు.

“ఇప్పుడు కుడి కాలు చూస్తాను. ఏం తేలితే అదే రాస్తాను. వేళ్ళ దగ్గరా మడమ దగ్గరా ఆనిస్తాను, కట్టు జోలికి రాను.”

కోడలు తాళంచెవిని తుడిచి సంచిలో వేసుకుంది. “ఈసారైనా ఉన్నదున్నట్టు చెప్పండి మామయ్యా. ఆ బస్సులో మీ మనవడు కూడా ఎక్కుతాడు.”

ఆయన కాలు చాపి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. కిటుకు పక్కన పెట్టాడు. ఊపిరి బిగబట్టి, ప్రాణమంతా పాదంలోకి తెచ్చుకుని కాచుకున్నాడు. తాకగానే చెబుదామని నోరు సగం తెరిచే ఉంచాడు. వరండాలో ఎవరో దగ్గారు. గోడ మీద ఫ్యాను కిర్రుమంటోంది. డాక్టరమ్మ ఏం చేస్తోందో అంతు పట్టలేదు. ఈ కాలం పిల్లలకు అన్నీ నిదానమే అనుకున్నాడు.

“ఎంతసేపమ్మా, కానివ్వు. మొదలుపెట్టు.”

డబ్బా మూత పడిన చప్పుడైంది.

“అయిపోయిందండీ,” అంది డాక్టరమ్మ.