విప్పని మడత

తడిగుడ్డ మీద ఇస్త్రీపెట్టె ఆనగానే ఆవిరి లేస్తుంది. వెచ్చటి నూలు వాసన… మా ఇంటికి తెల్లారేది ఆ వాసనతోనే.

మా ఆయన దర్జీ. పిల్లల గౌన్లు కుడతాడు. ప్రతి గౌనుకీ అంచు లోపలికి మడిచి కొంత గుడ్డ దాచేవాడు — పిల్ల పొడుగైతే విప్పుకోవడానికి.

ఆ సినిమా చూసేదాకా.

బిడ్డను పోగొట్టుకున్న అమ్మానాన్నల కథ. చివర్లో ఆ తల్లి పిల్ల గౌను ఒళ్లో పెట్టుకుని అంచు కుట్లు విప్పుతుంది. తండ్రి పక్కన ఊరికే కూర్చుని ఉంటాడు. గౌను పైనంతా వెలిసిన నీలం. మడత లోపల కొత్త నీలం…

హాలంతా వెక్కివెక్కి ఏడ్చింది. ఈయన మాత్రం కళ్లజోడు తుడుచుకుని, కుట్టు బాగుంది అన్నాడు. రాతిగుండె మనిషి అనుకున్నాను.

నాదీ ఒక తెలివే.

మర్నాటినుంచి మడత పెట్టడం మానేశాడు. దాచాల్సిన గుడ్డంతా కిందికే వదిలేశాడు. గౌను కుట్టమంటే నేల తుడిచే గుడ్డ కుట్టారేమిటని వచ్చినవాళ్లు నవ్వారు. ఆయన చూడకుండా నేనే మడిచి కుట్టి పంపాను.

మా కూతురు పిడుగు గౌను జోలికి మాత్రం నన్ను రానివ్వలేదు.

మడిస్తే కదా విప్పకుండా మిగిలిపోయేది… అన్నాడు ఒకసారి, సూదిలో దారం ఎక్కిస్తూ. దారం ఎక్కలేదు. నేను ఎక్కించి ఇచ్చాను. పిచ్చి మారాజు. ఎంత ముద్దొచ్చాడో, అంత భయమూ వేసింది.

ఆ పొడుగు గౌను కాళ్లకు అడ్డంపడి పిడుగు మెట్ల మీద పడింది. మోకాలు చెక్కుకుపోయింది. ఏడవలేదు. కుంటుకుంటూ వచ్చి, ఆయన ముందు స్టూలెక్కి నిలబడింది.

"పెరుగుతాలే నాన్నా. ఈలోగా తట్టుకుని పడిపోతున్నాను."

ఆయన ఆ మోకాలివైపు చాలాసేపు చూశాడు.

తర్వాత నేల మీద కూర్చుని, గుండుసూదులు పెదవుల మధ్య పెట్టుకుని, అంచు మడిచాడు. చేత్తోనే కుట్టాడు — ఒక్కసారి లాగితే ఊడొచ్చే వదులు కుట్లు. అంత చేయి తిరిగినవాడు, కొత్తగా నేర్చుకుంటున్నట్టు కుట్టాడు.

"మళ్లీ విప్పుతాం కదా?" అన్నాడు. నన్నే అడిగాడు.

పిల్ల అప్పటికే వీధిలో ఉంది, పాత గౌనులో, కుంటి పరుగుతో.

తలుపు దగ్గర నిలబడి దాన్నే చూస్తున్నాను. వెనక ఆయన గౌను పరిచాడు. తడిగుడ్డ కప్పాడు. ఇస్త్రీపెట్టె ఎత్తాడు… మడత దగ్గరికి వచ్చి ఆగాడు. నొక్కితే గీత పడిపోతుందని, తగిలీ తగలకుండా పట్టుకున్నాడు.

ఆవిరి లేచింది.