రెండో చరణం తర్వాత

"అంత సౌండు పెంచెయ్యకే దీనా, ఆ స్పీకరు పెట్టె పేలిపోద్దేమో!" గోరుచిక్కుళ్లు తుంచుతూనే అరిచాను.

"పేలదమ్మా. అసలు పెరగడమే లేదు," అంది నా కూతురు, కంప్యూటర్ ముందు నుంచి కదలకుండా.

క్రిస్మస్‌కి మా చర్చి వాళ్లు పాటల సీడీ చేయిస్తున్నారు. ఏళ్ల తరబడి క్వైర్ ప్రాక్టీసంతా మా ఇంట్లోనే. పాడడం వాళ్ల వంతు, అందరికీ టీలు పెట్టడం నా వంతు. ఈసారి ఎస్తర్ రాణి గారికి గొంతు పట్టేస్తే, ఆవిడ పాట నా చేత పాడించమని దీనా పట్టుబట్టింది. తీరా రికార్డు చేశాక వింటే నా గొంతు ఎక్కడో నూతిలోంచి వస్తున్నట్టుంది. సాయంత్రంలోగా బాగుపడకపోతే నా పాట తీసేస్తామన్నారు చర్చి వాళ్లు. మా ఆయన మాత్రం ఆశ్చర్యపోలేదు. "పెళ్లైన కొత్తలోనే సెప్పాను కదా దయా, నీ గొంతు వెనక బెంచీదాకా రాదని." ఎంత ప్రేమగా అంటారో ఆ మాట! అందుకే నమ్మేశాను.

"వదిలేయే, నలుగురూ నవ్వుతారు."

"ఇటు సూడమ్మా."

తెర మీద నా పాట చీమల బారులా సాగుతోంది. మధ్యలో ఒక్కచోట తాటిచెట్టంత గీత.

"రెండో చరణం అయ్యాక నాన్న అలవాటుకొద్దీ మైకు పక్కన అరిసిన హల్లెలూయా ఇది. మొత్తం పెంచమంటే ముందు ఇదెళ్లి పైకప్పుకి తగుల్తాది. ఇంక నీ పాట పెరగడానికి సోటేదీ? ముందు దీన్ని దించాలి, అప్పుడు అంతా పెంచాలి. నీ గొంతుకేటీ అవలేదు. ఈ హల్లెలూయా తీసీమంటావా?"

గోరుచిక్కుడు చేతిలో అలాగే ఉండిపోయింది. దేవుడి మాట, ముట్టుకుంటే పాపమేమో. ఈయనకి తెలిస్తే అన్నం మానేస్తారేమో. ఆ సీడీ కాపీలు తీయించడానికి తుని పట్టుకెళ్లాల్సిందీ ఆయనే, దారిలో విసిరేస్తారేమో.

"తీసెయ్యకు," అన్నాను చివరికి. "నా పాటంత ఎత్తుకి దించు. చాలు."

ఆయన వచ్చేసరికి దీనా పాట పెట్టింది. నా గొంతు ముందుగదీ వంటిల్లూ నిండిపోయింది. రెండో చరణం తర్వాత ఆయన హల్లెలూయా ఒద్దికగా వచ్చి వెళ్లింది. పాట అయిపోయింది. ఆయన ఇంకా స్పీకరు వైపే చూస్తున్నారు.

"కోపమొచ్చిందేటండీ?"

నేనిచ్చిన టీ ముట్టుకోలేదు, పైన తొరక కట్టింది. సీడీని రుమాల్లో చుట్టి సంచిలో పెట్టుకున్నారు. చెప్పులు వేసుకుని, గుమ్మం దగ్గర ఆగిపోయారు.

"ఇన్నేళ్లూ నువ్విలాగే పాడేదానివేటి, దయా?"